సిరాజ్‌ని సిడ్నీలో తిట్టింది రేసిజమే. ఇంకా సందేహమా?

సిడ్నీశీను: 2021 జనవరి, మూడో టెస్ట్, నాలుగో రోజు. బౌండరీ దగ్గర నుంచి సిరాజ్ నేరుగా అంపైర్ దగ్గరికి వచ్చి చెప్పాడు. ఆట ఆగింది, ఆరుగుర్ని స్టాండ్‌లోంచి లేపేశారు. వాళ్ళ నాన్న పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. దీన్ని "జనం సరదా" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

లెగ్‌బై: ఆ ఆరుగురూ తిట్టినవాళ్ళు కాదని క్రికెట్ ఆస్ట్రేలియానే తేల్చింది.

సిడ్నీశీను: జాతి దూషణ జరిగిందని కూడా అదే విచారణలో తేలింది. సగమే చదివారా?

లెగ్‌బై: నేనడిగింది ఆరుగురి గురించి.

పాతబస్తీపేసర్: అంపైర్లు పోతే పొమ్మన్నా కెప్టెన్ రహానే ఆడతమన్నడు. బ్రిస్బేన్‌ల సిరాజ్ ఐదు వికెట్లు తీసిండు. ఇంకేం గావాలె?

కృష్ణవేణి: వికెట్లు తీయకపోతే తిట్టొచ్చా తమ్ముడూ? నేను జిల్లా జట్టుకి ఆడాను. మా కోచ్ ఏనాడూ పేరు పెట్టి పిలవలా. "ఏయ్ నల్లదానా, లాంగాన్‌కి పో, నీకింక కమిలేదేముందిలే" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. 2007లో వడోదరలో, ముంబైలో ఆస్ట్రేలియా ఆటగాడు సైమండ్స్‌ని చూసి కోతికూతలు కూసింది మనోళ్ళేగా?

సిడ్నీశీను: మేడమ్, టాపిక్ ఆస్ట్రేలియా. ఇక్కడ ట్రైన్లో జనం నిలబడైనా ఉంటారు గానీ నా పక్క సీట్లో కూర్చోరు. మైనారిటీగా బతకడమంటే ఏంటో మీకు తెలీదు.

పాతబస్తీపేసర్: మైనారిటీ అంటే ఏందో నాకు చెప్తున్నవా అన్నా? 2021 అక్టోబర్‌ల పాకిస్తాన్ మీద ఓడినంక షమీ గురించి "ఎంత ముట్టిందో" అని ఈ బోర్డు మీదనే రాసినవ్. ఇంకా ఉంది, పోయి చూస్కో.

సిడ్నీశీను: అది జోకు. దానికీ రేసిజానికీ ఏం సంబంధం?

కృష్ణవేణి: టోక్యో ఒలింపిక్స్ హాకీలో సౌతాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టిన వందనా కటారియా ఇంటి ముందు, సెమీస్ ఓడిన రోజు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారని ఇంట్లోవాళ్ళు పోలీసులకి ఫిర్యాదు చేశారు. అదీ జోకేనా? తెల్లోడు అంటేనే మీకు నొప్పి శీను గారూ.

సిడ్నీశీను: కులాన్ని లాగకండి. బయటి దేశంలో మన పరువు పోతోందని నా బాధ.

పాతబస్తీపేసర్: గిప్పుడు బయటపడ్డది. సిరాజ్ కోసం కాదు, పరువు కోసం.

లెగ్‌బై: ఆరుగురి సంగతి ఎవరూ చెప్పట్లేదు.

సిడ్నీశీను: షమీ పోస్టు తియ్యను. ఆ రోజు 3.5 ఓవర్లలో 43 ఇచ్చాడు, వికెట్ లేదు. స్కోర్‌కార్డ్ చూసుకోండి.

పాతబస్తీపేసర్: చూసిన. పది వికెట్లతో ఓడినం, మనోళ్ళల్ల ఒక్కనికీ వికెట్ పడలే. మరి పైసలెంత ముట్టినయని షమీనొక్కన్నే ఎందుకడిగినవ్?