ఇటలీలో పెరిగే పిల్లకి డబ్బు పుస్తకం: అమెరికా బెస్ట్‌సెల్లరా, అక్కడివాళ్ళు రాసిందా?

రాజమండ్రి మామయ్య
మా అక్కావాళ్ళు మిలాన్‌లో స్థిరపడ్డారు. మేనకోడలికి పదహారు నిండాయి. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఇంగ్లిషు బడిలో నేర్చుకున్నంతే. హాయిగా చదివేది ఇటాలియన్‌లోనే. ఈమధ్య ఎవరో కుర్రాడి వీడియోలు చూసి "మామయ్యా, షేర్లు ఎలా కొంటారు?" అని మొదలెట్టింది. వచ్చే నెల వెళ్తున్నాను, డబ్బు గురించి ఒక మంచి పుస్తకం కొనిద్దామని ఉంది. 'రిచ్ డాడ్ పూర్ డాడ్' ఇటాలియన్ అనువాదం అనుకున్నా. బావగారు వద్దంటున్నారు, అక్కడివాళ్ళు అక్కడి సంగతులు రాసిందే కొనమంటున్నారు. మీరేమంటారు?

హైదరాబాద్ ఇన్వెస్టర్
మీ బావగారిది చాదస్తం అండీ. 1997లో వచ్చిన పుస్తకం ఇంకా అమ్ముడవుతోందంటే ఊరికే కాదు. పదహారేళ్ళ పిల్ల చేతిలో పన్నుల పుస్తకం పెడితే రెండో పేజీకే ఆవలింతలు. ముందు ఆసక్తి పుట్టాలి. జీతం వేరు, ఆస్తి వేరు అన్న ఒక్క ముక్క బుర్రకెక్కితే చాలు. చక్రవడ్డీకి దేశం ఏముంది?

బొలోన్యా నాన్న
చక్రవడ్డీకి లేదు, దాంట్లోంచి కోసుకునే పన్నుకి ఉంది. నేను ఇక్కడ ఇటలీలోనే ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నవాణ్ణి కాబట్టి కొంచెం విడమరిచి చెబుతా.

10,000 యూరోలు ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్ళు పెరిగితే 26,533. అనువాద పుస్తకాల్లో లెక్క సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది. బ్యాంకువాడు అంటగట్టిన ఫండ్‌లో ఏటా 1.5 శాతం ఖర్చుల కింద పోయిందనుకోండి, అది 19,898కి దిగుతుంది. ఆ లాభం మీద ఇటలీ ప్రభుత్వం 26 శాతం తీసుకుంటే చేతికొచ్చేది దాదాపు 17,320. అదే ప్రభుత్వ బాండ్లయితే, అంటే ఇక్కడ అందరూ బీటీపీలనేవి, పన్ను 12.5 శాతమే. సగం కూడా కాదు! ఈ తేడా చెప్పని పుస్తకం ఇటలీ పిల్లకి సగం పుస్తకమే.

ఇల్లు సంగతి చూడండి. మీరన్న పుస్తకం ఉంటున్న ఇల్లు ఆస్తి కాదు, భారం అంటుంది. అమెరికాలో ఏటేటా ఇంటిపన్ను కడుతూ ఉంటారు కాబట్టి అక్కడ ఆ మాటకి కొంత బలముంది. ఇక్కడ సొంతంగా ఉంటున్న మొదటి ఇంటికి, విలాసభవనాలు తప్పిస్తే, ఇము అనే ఆస్తిపన్నే లేదు. ఆ వాక్యం చదివి పిల్ల రేపు ఇల్లెందుకు కొన్నావని తండ్రితో వాదనకి దిగితే ఎవరు సమాధానం చెప్పాలి?

ఇంకోటి, పోస్టాఫీసు. మనకి పోస్టాఫీసు సర్టిఫికెట్లున్నట్టే ఇక్కడ బువోని ఫ్రుత్తిఫెరి ఉన్నాయి. ప్రభుత్వ పూచీ, కొన్నా తీసుకున్నా ఖర్చు లేదు, పన్ను 12.5. తాతలు మనవల పేర కొనిపెడతారు. కాగితం మీద ఇచ్చిన సర్టిఫికెట్ (బువోనో) గడువు తీరాక పదేళ్ళలోపు తీసుకోకపోతే అసలుతో సహా గోవిందా. బీరువాలో చీరల కింద దొరికిన కాగితం పట్టుకెళ్ళి కౌంటర్ దగ్గర తెల్లమొహం వేసినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఏ అమెరికా రచయిత చెబుతాడండీ ఇది?

హైదరాబాద్ ఇన్వెస్టర్
అన్నీ నిజమే అనుకుందాం. కానీ మీరు చెప్పినవాటిలో ఒక్కటైనా శాశ్వతమా? ఆ 26 శాతం 2014 జులై నుంచి వచ్చింది, అంతకుముందు 20. పన్నులతో నింపిన పుస్తకం ఐదేళ్ళకే పాత పేపరు కింద లెక్క. బుద్ధి, ఓపిక గురించి చెప్పింది ముప్ఫై ఏళ్ళయినా పనికొస్తుంది. రేట్లు కావాలంటే నెట్‌లో చూసుకుంటుంది, పదహారేళ్ళ పిల్లకి అది చేతకాదా? పైగా పద్దెనిమిది నిండేదాకా సొంతంగా ఖాతా తెరిచి షేర్లు కొనే వీలే లేదు. కొనలేని వయసులో పన్నుల గోలెందుకు?

బొలోన్యా నాన్న
నెట్‌లో చూసుకుంటే ఆ వీడియోల కుర్రాడే కదా దొరికేది.

లెక్కల టీచరమ్మ
పన్నెండేళ్ళుగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకి వడ్డీ లెక్కలు చెబుతున్నాను, అందుకని ఓ మాట. 'ఓపిక పట్టు, ఖర్చు తగ్గించు' అంటే పిల్లలు తలూపుతారు, అంతే. అంకెలు ముందు పెట్టి, ఈ డబ్బంతా ఎటు పోయింది అని అడిగితే అప్పుడు మొహాలు మారతాయి. బొలోన్యా నాన్నగారి 26,533 దగ్గర్నుంచి 17,320 దాకా ఉన్న లెక్క చూశారా, పాఠమంటే అది. కాబట్టి నా ఓటు అక్కడి పుస్తకానికే. కానీ ఇన్వెస్టర్‌గారు అన్నదాంట్లో పనికొచ్చే ముక్క ఒకటుంది: ఆ పన్ను మారిన తేదీ. షాపులో పుస్తకం తెరిచి షేర్ల లాభం మీద పన్ను ఎంతని రాశారో చూడండి. 20 అనో 12.5 అనో ఉంటే అది పాత ముద్రణ, కింద పెట్టెయ్యండి.

ఆ తర్వాత నష్టాల అధ్యాయం ఉందో లేదో చూడండి. 2003 డిసెంబరులో పార్మలాత్ అనే ఇటలీ పాల కంపెనీ కూలినప్పుడు, కేమన్ దీవుల్లోని అనుబంధ సంస్థ పేరిట దాదాపు 400 కోట్ల యూరోలున్నాయని చూపించిన బ్యాంకు పత్రమే దొంగదని తేలింది. పాల కంపెనీ, ఇంటింటా తెలిసిన పేరు, అని నమ్మి దాని బాండ్లు కొన్న మామూలు కుటుంబాలు మునిగాయి. పేరు తెలిసినంత మాత్రాన పెట్టుబడికి భద్రత ఉండదని ఆ పిల్లకి తన దేశపు కథతోనే తెలియాలి. ఆసక్తి పుట్టాలన్నారుగా ఇన్వెస్టర్‌గారూ, ఇంతకంటే ఏం కావాలి?

రిటైర్డ్ మేనేజర్
బళ్ళో చెప్పరా ఇవన్నీ?

బొలోన్యా నాన్న
2024లో చట్టం తెచ్చారండీ, పౌరవిద్యలో ఆర్థిక అక్షరాస్యత కూడా చేర్చారు. కానీ ఆ సబ్జెక్టుకి ఏడాదికి కనీసం 33 గంటలు అన్నారంతే. రాజ్యాంగం, పర్యావరణం, డిజిటల్ సంగతులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. మా పెద్దాడి క్లాసులో ఇంకా బడ్జెట్ అంటే ఏమిటి దగ్గరే ఉన్నారు.

హైదరాబాద్ ఇన్వెస్టర్
పార్మలాత్ కథకి ఒప్పుకుంటా, బాగుంది. అయినా మొదటి పుస్తకం మాత్రం ఊపిచ్చేదే కావాలంటాను. రెండోది మీ ఇష్టం.

రాజమండ్రి మామయ్య
అందరికీ థాంక్స్. నిన్న పిల్లకే ఫోన్ చేసి అడిగాను. "సన్నగా ఉండాలి, చిన్నపిల్లల బొమ్మలు ఉండకూడదు, కోటీశ్వరుడు అయిపోతావు అని అట్ట మీద ఉండకూడదు" అంది. మూడో షరతుతో నా పుస్తకం ఎగిరిపోయినట్టే ఉంది, బావగారు నవ్వుతున్నారు. అక్కడి షాపులోనే తనని వెంటబెట్టుకెళ్ళి, టీచరమ్మగారు చెప్పిన పన్ను పేజీ చూసి కొంటాను. బేరం ఆడచ్చా?

బొలోన్యా నాన్న
లాభం లేదండీ. 2020 చట్టం ప్రకారం పుస్తకం మీద మామూలుగా 5 శాతం కంటే తగ్గించకూడదు. ఇంకోమాట, ఆ పోస్టాఫీసు బువోనోలో మైనర్ల రకం పదహారున్నర లోపే కొనాలి. ఏదైనా చేతిలో పెట్టే ఉద్దేశముంటే మీ అక్కగారితో ఈ వారమే మాట్లాడండి.