ల్యాప్‌టాప్ మొరాయిస్తోంది, బాక్సులో సీడీ కూడా లేదు: ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం ఈ ఆగస్టులోనే అమెరికాలో టెక్సస్‌లోని డెంటన్ వచ్చాను. హైదరాబాద్‌లో కొని తెచ్చుకున్న ల్యాప్‌టాప్ వారం నుంచి పని మధ్యలో బిగుసుకుపోతోంది. రెండుసార్లు నీలం తెర వచ్చి దానంతటదే రీస్టార్ట్ అయింది. రూమ్మేట్లు విండోస్ మళ్లీ ఎక్కించమంటున్నారు. బాక్సులో సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ ఇవ్వలేదు. షాపులో అడిగితే చూడటానికే డబ్బు కట్టమన్నారు. సోమవారం అసైన్‌మెంట్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఇర్వింగ్ నుంచి జవాబు:

తమ్ముడూ, ఇప్పుడే విండోస్ జోలికి పోకు. నేను వచ్చిన కొత్తలో సరిగ్గా ఇలాగే అయితే, అందరూ చెప్పారని రెండుసార్లు మొత్తం చెరిపేసి మళ్లీ ఎక్కించాను. తీరా చూస్తే పాడైంది ర్యామ్, అంటే మెమరీ. దాని మీద విండోస్ ఎన్నిసార్లు ఎక్కిస్తే ఏం లాభం? బయలుదేరే రోజు అమ్మానాన్నలతో ఎయిర్‌పోర్టులో దిగిన ఫోటోలు మాత్రం పోయాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సీడీ లేదని కంగారు పడకు, ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు. ఏ భాగం పాడైందో పరీక్షించే ప్రోగ్రామ్ చాలా ల్యాప్‌టాప్‌ల లోపలే ఉంటుంది. విండోస్ తెరుచుకోకముందే నడుస్తుంది కాబట్టి, అక్కడ ఫెయిల్ అని వచ్చిందంటే తప్పు దాదాపుగా విండోస్‌ది కాదు, లోపలి భాగానిదే.

ముందు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం), పాస్‌పోర్టు, వీసా స్కాన్లు, ట్రాన్‌స్క్రిప్టులు, ఆ అసైన్‌మెంట్ క్లౌడ్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించు. పరీక్ష దేన్నీ చెరపదు, కానీ ఫైళ్లన్నీ దాచుకునే డ్రైవ్ చావుబతుకుల్లో ఉంటే మళ్లీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. తర్వాత బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం, సంగతి చూసుకో. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డ్రైవ్‌కు తాళం దానంతటదే పడుతుంది. దాని రికవరీ కీ 48 అంకెలు. ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే కనిపిస్తుంది, కాగితం మీద రాసి పెట్టుకో. రేపు డ్రైవ్ ఊడదీసి ఇంకో మెషీన్‌కు తగిలించాల్సి వస్తే ఆ అంకెలు లేకుండా ఒక్క ఫైలూ రాదు.

ఛార్జర్ కూడా ఒకసారి చూడు. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గును ట్రావెల్ అడాప్టర్‌లో గుచ్చి గోడకు వేలాడదీస్తాం కదా, ఆ బరువుకు అది సగం బయటికి వచ్చేస్తుంది. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. ఛార్జర్ డబ్బా మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటే డబ్బాను మార్చక్కర్లేదు, గోడకూ డబ్బాకూ మధ్య ఉండే తీగ ఒక్కటి ఇక్కడిది కొనుక్కో. డబ్బాలోకి గుచ్చే వైపు చాలావాటికి మూడు రేకుల ఆకారంలో ఉంటుంది, పోల్చి చూసి తీసుకో.

ఇక పరీక్ష. యూఎస్‌బీలన్నీ పీకేసి, ఛార్జర్ పెట్టి, పరుపు మీద కాకుండా బల్ల మీద పెట్టు. పూర్తిగా ఆఫ్ చేసి, ఆన్ చేసిన క్షణం నుంచే మీట నొక్కుతూ ఉండాలి. హెచ్‌పీ అయితే ఎస్కేప్ టకటకా నొక్కు, మెనూ రాగానే ఎఫ్2. డెల్ అయితే ఎఫ్12 నొక్కి డయాగ్నస్టిక్స్ ఎంచుకో. థింక్‌ప్యాడ్ అయితే చాలా మోడళ్లలో ఎఫ్10. మొదటిసారి విండోస్ తెరుచుకుంటే నిరాశ పడకు, నొక్కడం ఆలస్యమైందంతే. మళ్లీ ఆఫ్ చేసి మొదలుపెట్టు. దారిలో బయోస్ (మెషీన్ మూల) సెట్టింగులు కనిపిస్తే ఏదీ మార్చకు.

ముందు క్విక్ టెస్ట్ పెట్టు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అందులో అన్నీ పాస్ అయినా నమ్మేయకు. మెమరీకి ఎక్స్‌టెన్సివ్ టెస్ట్ పెట్టి రాత్రంతా వదిలెయ్. నా ర్యామ్ క్విక్ టెస్టులో పాసై, పెద్ద పరీక్షలోనే దొరికింది. ఫెయిల్ అని వస్తే కింద ఒక పొడుగాటి కోడ్ ఉంటుంది, దాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకో. కస్టమర్ కేర్‌తో గంటసేపు మాట్లాడినా చెప్పలేని విషయం ఆ కోడ్ చెబుతుంది.

ఫ్రిస్కో నుంచి జవాబు:

మ్యాక్‌బుక్ ఉన్నవాళ్ల కోసం ఒక మాట. ఇంటెల్ మ్యాక్ అయితే ఆన్ చెయ్యగానే డి మీట నొక్కి పట్టుకోవాలి. ఎం1, ఆ తర్వాతి చిప్‌లయితే స్టార్టప్ ఆప్షన్లు వచ్చేదాకా పవర్ బటన్ వదలకూడదు, అవి వచ్చాక కమాండ్, డి కలిపి నొక్కాలి. ఏడీపీ000 వస్తే ఏ లోపమూ దొరకలేదని. పీపీటీతో మొదలైతే బ్యాటరీ సంగతి, పీపీఎఫ్ అయితే ఫ్యాన్, పీపీఎం అయితే మెమరీ. మా అబ్బాయి మ్యాక్ ఊరికే వేడెక్కుతోందని మోడల్ మార్చేద్దామనుకున్నాం. ఈ పరీక్షలో ఫ్యాన్ కోడ్ వచ్చింది, ఫ్యాన్ ఒక్కటి మార్పిస్తే సరిపోయింది.

డెంటన్ నుంచి మళ్లీ:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. నాలుగోసారికి మెనూ దొరికింది. మెమరీ రాత్రంతా పెట్టాను, పాస్. డ్రైవ్ దగ్గర ఎర్రగా ఫెయిల్డ్ అని వచ్చింది. కోడ్ ఫోటో తీశాను. నిర్ధారణ కోసం ఇంకోసారి పెట్టమంటారా?

ఇర్వింగ్ నుంచి:

వద్దు తమ్ముడూ, ఆ డ్రైవ్‌ను ఇంక కదిలించకు. మిగిలిన ఫైళ్లు ఉంటే ఈ రాత్రే కాపీ చేసుకుని ఆఫ్ చేసెయ్. సీరియల్ నంబర్, ఆ కోడ్ ఇచ్చి కంపెనీతో చాట్‌లో మాట్లాడు. ఇండియా వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది మొదటి ప్రశ్నగా అడుగు. చెల్లకపోతే కొత్త ఎస్‌ఎస్‌డీ (అదే డ్రైవ్) కొని నువ్వే మార్చుకోవచ్చు, చాలా మోడళ్లలో వెనక మూత విప్పితే పైకే కనిపిస్తుంది. విండోస్‌కు మళ్లీ డబ్బు కట్టకు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది. విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌ను లైబ్రరీ కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఉచితంగా తయారు చేసుకోవచ్చు.

సోమవారం గురించి: చాలా యూనివర్సిటీ లైబ్రరీలు ల్యాప్‌టాప్ అప్పుగా ఇస్తాయి, ఐడీ కార్డు తీసుకుని రేపు పొద్దున్నే వెళ్లి అడుగు. శనివారం సాయంత్రం నేను డెంటన్ వైపు వస్తాను. స్క్రూడ్రైవర్ నా దగ్గర ఉంది, ఎస్‌ఎస్‌డీ తెప్పించుకుని ఉంటే కలిసి మార్చేద్దాం.