బ్లాక్‌జాక్‌ని ‘ఇరవై ఒకటి’ అనొచ్చా? పేకాట మాటల మీద చర్చ

తణుకు సభ్యుడు:
గోవాలో క్యాసినో డీలర్ శిక్షణకి వెళ్లే పిల్లల కోసం బ్లాక్‌జాక్ (ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్‌ని మించాల్సిన పేకాట) మాటలకి తెలుగు పట్టిక రాస్తున్నామండి. ఆట పేరుకి ‘ఇరవై ఒకటి’, డీలర్‌కి ‘పంచేవాడు’, కట్ కార్డుకి ‘కోత ముక్క’, బస్ట్‌కి ‘పేలడం’, సాఫ్ట్ 17కి ‘మెత్త 17’, ఇన్సూరెన్స్‌కి ‘బీమా’, పుష్‌కి ‘చెల్లు’ అని పెట్టాం. మన గోదావరి జిల్లాల పేకాట మాటల పక్కన ఇవి నిలబడతాయా? మొహమాటం లేకుండా చెప్పండి.

భీమవరం సభ్యుడు:
ముందు పేరు దగ్గరే ఆగాలండి. మన వైపు ‘ఇరవై ఒకటి’ అనగానే తట్టేది ఇరవై ఒక్క ముక్కలాట, మూడు పేకలతో ఆడే రమ్మీ. ‘పదమూడా, ఇరవై ఒకటా?’ అంటే మనిషికి ఎన్ని ముక్కలు పంచాలని అడిగినట్టు. బ్లాక్‌జాక్‌లో 21 అనేది ముక్కల లెక్క కాదు, వాటి విలువల మొత్తం. మొదట పడేవి రెండే ముక్కలు. పేరు బ్లాక్‌జాక్ అనే ఉంచండి.

‘నల్ల జాకీ’ అని మాత్రం తెలుగు చెయ్యొద్దు. ఇస్పేటు జాకీయో కళావరు జాకీయో రావాలనుకుంటారు. ఇప్పటి ఆటలో రంగుతో పనిలేదు. ఆసుకి తోడు పది, జాకీ, రాణి, రాజుల్లో ఏది వచ్చినా సరే, మొదటి రెండు ముక్కల్లోనే రావాలి. ఆటీను ఆసు, డైమను పది కూడా బ్లాక్‌జాకే. మూడు ఏడులు పడితే మొత్తం 21 అవుతుంది గానీ బ్లాక్‌జాక్ అవదు. రెండు ఆసుల్ని విడదీసి ఆడినప్పుడు ఒకదాని మీద రాజు పడినా అది మామూలు 21 కిందే లెక్క, ఒకటికి ఒకటే ఇస్తారు. అసలు బ్లాక్‌జాక్‌కి ఒకటికి ఒకటిన్నర: వందకి నూట యాభై. కొన్ని బల్లల మీద ‘6కి 5’ అని రాసి ఉంటుంది, అక్కడ వందకి నూట ఇరవయ్యే. పట్టికలో ఈ రెండు నిష్పత్తుల్నీ అంకెలతో చూపించండి.

ఇంకొకటి, రమ్మీ అలవాటున్నవాళ్లు ఇక్కడ తప్పకుండా తడబడతారు. రమ్మీ కౌంట్‌లో ఆసుకి పది. ఇక్కడ పదకొండు, లేదా ఒకటి. పది అన్నది ఆసుకి ఎప్పుడూ వర్తించదు.

అమలాపురం సభ్యురాలు:
‘పంచేవాడు’ కూడా కుదరదండి. రమ్మీలో పంచడం వంతు ప్రకారం తిరుగుతుంది, పంచినవాడూ తన ఆట తనే ఆడతాడు. బ్లాక్‌జాక్ డీలర్‌కి సొంత ఆలోచన లేదు. 16 దాకా ముక్క తీసుకోవాలి, 17 వచ్చాక ఆగాలి (సాఫ్ట్ 17కి మాత్రం బల్ల మీద రాసినట్టు), అంతే. బల్ల మీద ఎంతమంది ఉన్నా అందరూ ఆయన మీదే కాస్తారు, ఒకరి మీద ఒకరు కాదు. అందుకని ‘డీలర్’ అని వదిలేసి, ‘క్యాసినో తరఫున ఆడే మనిషి’ అని వివరణ రాయండి.

‘కోత ముక్క’ అయితే మరీ ఇబ్బంది. సంక్రాంతి బరుల దగ్గర గుండాట, లోనా బయటా పక్కన వినపడే జూదం పేరు అది. మీరు చెప్పదలచుకున్నది రంగు ప్లాస్టిక్ పలక. ఆరు పేకలైతే 312 ముక్కలు, ఎనిమిదైతే 416. కలిపాక ఆటగాడు ఆ పలకని మధ్యలో గుచ్చుతాడు, డీలర్ అక్కడ కోసి పేకని పెట్టెలో పెట్టేముందు చివర కొన్ని ముక్కల ముందు పలకని మళ్లీ పెడతాడు. ఆటలో అది బయటపడితే ఆ చేతిని పూర్తిచేసి పేకంతా కొత్తగా కలుపుతారు. ‘కోత పలక’ అనండి, చాలు.

రాజమండ్రి మాస్టారు:
‘మెత్త 17’ దగ్గరే నా అభ్యంతరమంతా. మెత్తదనం అన్నమాటకి ఇక్కడ అర్థమే లేదు. ‘ఆసు 17’ అని పెట్టమంటారేమో, అదీ తప్పే. ఆసు, ఆరు ఉంటే 17. ఆసు, ఆరు, పది ఉన్నా 17. రెండింట్లోనూ ఆసు ఉంది, కానీ మొదటిది సాఫ్ట్, రెండోది హార్డ్. తేడా ఆసు ఉండడంలో లేదు, ఆ ఆసు పదకొండుగా నిలబడి ఉందా, అప్పటికే ఒకటికి ఒదిగిపోయిందా అన్నదాంట్లో ఉంది. అందుకని ‘ఒదిగే 17’, ‘ఒదగని 17’ అంటాను.

ఒక చెయ్యి వేసి చూడండి. మీ దగ్గర ఆసు, ఆరు. డీలర్ తెరిచిన ముక్క తొమ్మిది. ఇంకో ముక్క అడిగారు, తొమ్మిది పడింది. పదకొండుగా లెక్కపెడితే 26, దాటిపోయినట్టే. కానీ ఆసు ఒకటికి ఒదుగుతుంది, మొత్తం 16. చెయ్యి పోలేదు, కానీ ఇక ఒదగడానికి ఏమీ మిగల్లేదు. ఆ తొమ్మిదికి బదులు నాలుగు పడి ఉంటే నేరుగా 21. ఒదిగే 17 మీద ఒక్క ముక్కతో చెయ్యి పోవడం అసాధ్యం, అందుకే దానిమీద ఆగిపోవడం పొరపాటు. పిల్లలకి ఈ సంగతి మాటలోనే తెలియాలి.

బల్ల మీద డీలర్ సాఫ్ట్ 17కి ఆగుతాడా, ముక్క తీస్తాడా అన్నది రాసి ఉంటుంది. తీస్తే క్యాసినోకి లాభం. చదవడం నేర్పండి.

పాలకొల్లు సభ్యుడు:
మాస్టారి ‘ఒదిగే’ బాగుందండి, ఆయ్. బస్ట్‌కి ‘పేలడం’ కన్నా ‘గండి పడింది’ మనకి దగ్గర. కాలవ గట్టుకి గండి పడ్డాక పక్క చేను సంగతి ఎవరూ చూడరు. ఇక్కడా అంతే: ఆటగాడు 22 దాటిన క్షణంలోనే పందెం పోతుంది, తర్వాత డీలర్‌కీ గండి పడినా ఆ డబ్బు వెనక్కి రాదు. క్యాసినో పైచేయి ముఖ్యంగా ఈ వరసలోనే ఉంది.

అమలాపురం సభ్యురాలు:
‘22 దాటిన’ కాదండి, ‘21 దాటిన’. 22కే గండి.

పాలకొల్లు సభ్యుడు:
నిజమేనండి, 21 దాటిన అని చదువుకోండి.

‘బీమా’ మాట మాత్రం తీసెయ్యాలి. పంటల బీమా తెలిసిన ఊళ్లో ఆ మాట వినగానే చేతిలో ఉన్నది కాపాడేదనుకుంటారు. ఇది ఏమీ కాపాడదు. డీలర్ తెరిచిన ముక్క ఆసు అయినప్పుడు, బోర్లా ముక్క పది విలువది అవుతుందని విడిగా కాసే పందెం, అంతే. అసలు పందెంలో సగం కాయాలి, గెలిస్తే ఒకటికి రెండు.

చేతిలో రెండు రాజులు, మొత్తం 20, వంద కాశారనుకోండి. ‘ఇంత మంచి చెయ్యి, బీమా చేద్దాం’ అనిపించేది ఇలాంటప్పుడే. ఒక్క పేకలో మీకు కనపడని ముక్కలు 49. పది విలువవి 16లో మీ చేతిలోనే రెండు, మిగిలినవి 14. ఇదే సందర్భం 49 సార్లు వస్తే 14 సార్లు వందేసి వచ్చి 1400, 35 సార్లు యాభయ్యేసి పోయి 1750. నికరంగా 350 నష్టం. మీ చేతిలో పది విలువది ఒక్కటీ లేకపోయినా 16 సార్లే గెలుపు: 1600 రాక, 1650 పోక. నష్టం రాకుండా ఉండాలంటే మూడింట ఒక వంతు గెలవాలి, 49లో 16 అంతకి తక్కువ. ‘బోర్లా ముక్క పందెం’ అని రాస్తే చదివినవాడు కనీసం ఏం కాస్తున్నాడో తెలిసి కాస్తాడు.

ముమ్మిడివరం సభ్యుడు:
మాటల పక్కన చేతి సంజ్ఞలు కూడా రాయండి. పెద్ద బల్లల దగ్గర నోటిమాట లెక్కలోకి రాదు, పైన కెమెరాకి కనపడాలి. హిట్‌కి, అంటే ఇంకో ముక్క కావాలంటే, వేలితో బల్ల మీద తట్టడం. ఆలోచిస్తూ ఊరికే వేళ్లతో బల్ల కొట్టే అలవాటుంటే అడగని ముక్క వచ్చి పడుతుంది. స్టాండ్‌కి అరచెయ్యి కిందకి పెట్టి ముక్కల మీదుగా అడ్డంగా ఊపాలి, పంక్తిలో విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి ‘చాలండి’ అన్నట్టే. ఆ మాటకి ‘చాలు’ కన్నా మంచి తెలుగు నాకు తోచదు.

డబుల్‌కీ (పందెం రెట్టింపు) స్ప్లిట్‌కీ (జత ముక్కల్ని రెండు చేతులుగా విడదీయడం) ఇంకో పందెం అంతే మొత్తంలో పక్కన పెడతారు, మొదటిదాని మీద కాదు. రెండు ఐదులు ఉన్నప్పుడు డీలర్‌కి ఏది కావాలో తెలీదు. ఒక వేలు చూపిస్తే రెట్టింపు, రెండు వేళ్లు విడదీసి చూపిస్తే స్ప్లిట్. ఐదుల్ని విడదియ్యకూడదు. పది మీద ఆడే చేతిని పాడుచేసుకుని రెండు ఐదుల మీద మొదలెట్టినట్టు. రెట్టింపు చేశాక ఒక్కటే ముక్క, రెండు ముక్క పడి మొత్తం 12 అయినా ఇంకోటి అడగడానికి లేదు. ‘రెట్టింపు’ అని ఊరుకోకుండా ‘ఒక్క ముక్కకి రెట్టింపు’ అనండి.

భీమవరం సభ్యుడు:
సరెండర్‌కి మన రమ్మీ డ్రాప్ పోలిక పనికొస్తుంది. ముక్క ఎత్తకుండా పడేస్తే 20 పాయింట్లు, మధ్యలో 40, చివరిదాకా ఉండి ఓడితే 80. ముందే తప్పుకుంటే తక్కువ పోతుందన్న ఆలోచన ఒకటే. తేడా ఏమిటంటే, ఇక్కడ మధ్యలో డ్రాప్ లేదు. మొదటి రెండు ముక్కల మీదే చెప్పాలి, సగం పందెం వెనక్కి వస్తుంది. ఒక్క ముక్క అడిగితే ఆ దారి మూసుకుపోయినట్టే.

తణుకు సభ్యుడు:
అందరికీ దణ్ణాలండి. కోత పలక, ఒదిగే 17, బోర్లా ముక్క పందెం, ఒక్క ముక్కకి రెట్టింపు, ఇవి ఎక్కించాం. ఇంగ్లీషు మాట ముందు, తెలుగు తర్వాత. బల్ల దగ్గర చెవిన పడేది ఇంగ్లీషే కనక. పుష్‌కి ‘చెల్లు’ మీద ఎవరూ ఏమీ అనలేదు, ఉంచమంటారా?

రాజమండ్రి మాస్టారు:
ఉంచొద్దు. ‘చెల్లుకు చెల్లు’ అంటే ఒకరి బాకీ ఒకరు తీర్చుకున్నట్టు, డబ్బు చేతులు మారిపోయినట్టు. పుష్‌లో ఏదీ చేతులు మారదు. మీకు 19, డీలర్‌కి 19 వస్తే, కాసింది కాసినచోటే ఉంటుంది. తీసుకోవచ్చు, లేదా తర్వాతి చేతికి అలాగే వదలొచ్చు. ‘సరి’ అని రాసి, పక్కన ‘పందెం కదలదు’ అని పెట్టండి.