గల్ఫ్‌లో పెరిగిన పిల్లకు సరైన కౌన్సెలర్‌ను ఎలా గుర్తించాలి?

మా మేనకోడలికి 16 ఏళ్లు. పుట్టి పెరిగింది మస్కట్‌లో. జూన్‌లో అమలాపురంలో ఇంటర్‌లో చేరి మా అమ్మ దగ్గర ఉంటోంది. దసరా సెలవుల తర్వాత నుంచి రాత్రి రెండు దాటితే గానీ నిద్రపోవడం లేదు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, కడుపులో తిప్పడం. థైరాయిడ్, రక్తపరీక్షలు నార్మల్. "మీదే ఊరమ్మా?" అని ఎవరైనా అడిగితే చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నా వైపు చూస్తుంది. తెలుగు బాగానే మాట్లాడుతుంది కానీ బాధ చెప్పుకునేది ఇంగ్లిష్‌లోనే.

రాజమండ్రిలో ఒక కౌన్సెలర్ మొదటి సిట్టింగ్‌లోనే "ఇక్కడి పిల్లల్లా ఉండటం నేర్చుకో" అన్నారు. ఆన్‌లైన్‌లో చూసిన మరొకరు అమ్మమ్మ మాట పట్టించుకోవద్దని, హాస్టల్‌కు మారమని చెప్పారు. దానికి అమ్మమ్మంటే ప్రాణం. ఇద్దరి దగ్గరికీ మళ్లీ వెళ్లనంది. అక్కడ పెరిగిన తీరు, ఇక్కడి అమ్మమ్మ, ఈ రెండిట్లో ఒకటి వదులుకోమనే సలహా ఈ పిల్లకు పనికిరాదని నా నమ్మకం.

ఈసారి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ కోసమే చూస్తున్నాం. కానీ రిజిస్ట్రేషన్ చూస్తే చదువు తెలుస్తుంది గానీ, ఇలాంటి పిల్లల్ని అర్థం చేసుకుంటారో లేదో తెలియదు కదా. మూడోసారి కూడా దాని మనసు విరిగితే ఇక నోరు విప్పదేమోనని టెన్షన్‌గా ఉంది.

విదేశాల్లో పెరిగిన పిల్లల్ని కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లినవాళ్లు చెప్పండి: అపాయింట్‌మెంట్‌కు ముందు ఫోన్‌లో ఏం అడిగితే ఆ మనిషి సరిపోతారో లేదో తెలుస్తుంది?