ఉపాంగమా, కాలా? అంటార్కిటికా లోతుల్లోని రొయ్యచుట్టాల ఒంటిని తెలుగులో చెప్పాలంటే

మొన్న మన గుంపులో ఒకరు "ఉపాంగం అనే మాటకు తేలిక తెలుగు ఏమిటి" అని అడిగారు. ఉపాంగం అంటే ఒంటి నుంచి పొడుచుకొచ్చే కాలు, మీసం లాంటి అవయవం. అక్కడే రెండు ముక్కల్లో జవాబు రాద్దామనుకున్నాను గానీ కుదరలేదు. నెల రోజులుగా నేను కుస్తీ పడుతున్నదీ ఆ మాటతోనే. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రం అడుగున బతికే ఆంఫిపాడ్ల గురించి పిల్లల కోసం నాలుగు పేజీలు రాస్తున్నాను. ఆంఫిపాడ్ అంటే రొయ్యకు దూరపు చుట్టం. చాలా జాతులు వేలి గోరంత, కొన్ని వేలంత, ఇంకా పెద్దవీ ఉన్నాయి. దాని ఒంటి గురించి నేను మొదట రాసిన వాక్యం ఇది: "పార్శ్వ సంపీడిత దేహము, సంధియుత ఉపాంగములు, అవృంత నేత్రములు." ఎనిమిదో తరగతి చదివే మా అన్నయ్య కూతురు అది చదివి, "బాబాయ్, ఇంతకీ దీనికి కాళ్లున్నాయా లేవా?" అంది. వాక్యంలో తప్పు లేదు, కానీ పిల్లకి జంతువు కనపడలేదు.

అప్పటి నుంచి ఒక్కో మాటా పట్టుకుని చూస్తున్నాను.

పార్శ్వ సంపీడితం సంగతి సులువుగానే తేలింది. చందువ చేపను చూసినవాళ్లకి "చందువలా పక్కల నుంచి నొక్కినట్టుండే ఒళ్లు" అంటే చాలు. దీని దగ్గర బంధువు ఐసోపాడ్‌ది సరిగ్గా తిరగేసిన ఆకారం, టేకు చేపలా పైనుంచి అదిమినట్టుంటుంది. పూలకుండీ ఎత్తితే కింద పాకుతూ, ముట్టుకోగానే ఉండచుట్టుకుపోయే బూడిదరంగు పురుగు ఐసోపాడే, నేల మీదికి వచ్చేసిన రకం. ఇక అవృంత నేత్రాలు: రొయ్య కళ్లు కాడల మీద నిలబడి ఉంటాయి, ఆంఫిపాడ్ కళ్లు తలకే అంటుకుని ఉంటాయి. కాడలేని కళ్లు, అంతే. లోతుల్లో చాలా జాతులకు అసలు కళ్లే ఉండవు. వాటిని దయచేసి గుడ్డివి అనకండి. గుడ్డి అన్నప్పుడు ఉండాల్సిన చూపు లేదని అర్థం వస్తుంది. ఎండ అన్నదే చేరని చోట తరతరాలుగా బతుకుతున్నదాన్ని కళ్లులేనిది అనడమే న్యాయం.

మీసాల దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో యాంటెన్నాను స్పర్శశృంగం అంటారు. మన సామెతేమో "రొయ్యకు లేదా బారెడు మీసం" అని ఎప్పుడో చెప్పేసింది! ఉన్న మాటను వదిలి తాకే కొమ్ము అని కొత్తగా కట్టుకున్నాం. పోనీ ఆ కట్టిన మాటైనా పూర్తిగా అతుకుతుందా అంటే అదీ లేదు. ఆంఫిపాడ్‌కి రెండు జతల మీసాలుంటాయి, మొదటి జత మీద వాసన పట్టే సన్నని నూగు ఉంటుంది. యూరిథినీస్ అనే రకం చీకట్లో ఎక్కడో అడుగున పడిన చేప శవాన్ని పసిగట్టి అక్కడికి చేరేది ఆ వాసన వల్లే. అలాంటి అవయవానికి స్పర్శ అని పేరు పెడితే ఉన్న పనిలో సగమే చెప్పినట్టు. మీసం అనే మాట ఏ పనీ అంటగట్టదు, ఆకారం చూపించి ఊరుకుంటుంది. లాటిన్‌లో యాంటెన్నా అంటే తెరచాపను కట్టే అడ్డకర్ర, అది కూడా ఆకారం చూసి పెట్టిన పేరే కదా.

ఇక కాళ్లు. ఆంఫిపాడ్ అన్న పేరులోనే కాలు ఉంది, "రెండు వైపులా కాళ్లు" అని. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాత్రెయ్ పెట్టాడు. ఛాతీకి ఉన్న ఏడు జతల్లో కొన్ని ముందుకీ కొన్ని వెనక్కీ తిరిగి ఉంటాయి కాబట్టి ఆ పేరు. గ్రీకులో పాదం అని మామూలుగా అనేసినదాన్ని తెలుగులో ఉపాంగం అని ఎందుకు అనాలి?

కానీ మాటకు మాట దించబోతే ఇంకో చోట దెబ్బ తింటాం. నాకు రెండు రోజులు పట్టింది ఇది. ఈ జంతువుకి తలతో ఛాతీ మొదటి కణుపు (అంటే ఒంటి అడ్డముక్క) అతుక్కుపోయి ఉంటుంది, దాని కాళ్లు నడక మానేసి నోటి పనిలో చేరిపోయాయి. వాటి పేరు మాక్సిల్లిపెడ్, లాటిన్‌లో దవడకాలు. వాటి వెనకే తిండిని పట్టుకునే రెండు జతల కాళ్లున్నాయి, వాటి పేరు న్యాథోపాడ్, గ్రీకులో దవడకాలు! రెండు భాషల నుంచి తెచ్చుకున్నారు కాబట్టి వాళ్లకి రెండు పేర్లూ వేరుగా నిలబడ్డాయి, మనం అర్థం చూసి తెలుగు చేస్తే రెండూ ఒకటే అయిపోతాయి. నేను మొదటివాటిని నోటికాళ్లు అనీ, రెండోవాటిని పట్టుకాళ్లు అనీ రాసుకున్నాను. పట్టుకాలు చివరి ముక్క దాని ముందున్న ముక్క మీదికి మడత చాకులా ముడుచుకుంటుంది. పీత కాలిలో రెండు వేళ్లూ ఎదురెదురుగా ఉండి పట్టకారులా పట్టినట్టు ఉండదు.

ఒక్కో కాలికి ఏడు ముక్కలు. వాటికున్న శాస్త్రీయ నామాల అర్థాలు ఒంటి నుంచి కిందికి చదువుకుంటూ వస్తే తుంటి, ఆధారం, మళ్లీ తుంటి ఎముక, తొడ, మణికట్టు, ముందుపాదం, వేలు. తొడ తర్వాత మణికట్టు ఏమిటో! మోకాలు లేనే లేదు. మనిషి కాలినీ చేతినీ కలిపేసి పేర్లు పెట్టారు, కాబట్టి వీటిని తెలుగు చేయడం వృథా, ఒకటో ముక్క నుంచి ఏడో ముక్క వరకూ అంకెలు చాలు. మొదటి ముక్కకు మాత్రం పేరుండాలి. అది పలకలా పరుచుకుని ఒంటి పక్కన డాలులా నిలబడుతుంది. తుంటిపలక అన్నాను.

ఇక్కడిదాకా గుంపులో రాసి పెట్టాక కింద ఒక సభ్యురాలు మంచి అభ్యంతరం తెచ్చారు. మిగతా కాళ్లకు నేను మొదట నడకకాళ్లు, ఈతకాళ్లు అని పనిని బట్టి పేర్లు పెట్టాను, అవి అన్నిటికీ సరిపోతాయా అని. సరిపోవు, ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. లోతుల్లో మన్నాప్సిడ్లు అనే ఐసోపాడ్లున్నాయి. వాటి ఛాతీకాళ్లలో వెనకవి తెడ్లలా వెడల్పయి ఈతకు పనికొస్తాయి. మామూలుగా ఈతకాళ్లు అనే, ఛాతీ వెనక ఉండే ప్లియోపాడ్లేమో ఐసోపాడ్లలో ఊపిరికి పనికొస్తాయి. అంటే నడకకాళ్లు ఈదుతాయి, ఈతకాళ్లు ఊపిరి తీస్తాయి! కాబట్టి నా పేర్లు మార్చుకున్నాను. ఉన్న చోటును బట్టి ఛాతీకాళ్లు ఏడు జతలు, నడుంకాళ్లు మూడు జతలు, తోకకాళ్లు మూడు జతలు. ఏ జంతువులో ఏ పని చేసినా చోటు మారదు. ఆంఫిపాడ్ ఛాతీకాళ్లలో మొదటి రెండు జతలే పట్టుకాళ్లు. ఐసోపాడ్ లెక్క వేరు, నడుంకాళ్లు ఐదు జతలు, తోకకాళ్లు ఒకటే జత.

ఇంత పట్టింపు ఎందుకని ఇంకొకరు అడిగారు. 2002 నుంచి 2005 దాకా పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ ఓడ మీద వెళ్లినవాళ్లు అంటార్కిటికా పక్కనున్న వెడ్డెల్ సముద్రం వైపు లోతుల్లో తోడిన బురదలో 674 రకాల ఐసోపాడ్లు దొరికాయి. అందులో 585 అంతకుముందు ఎవరికీ తెలియనివి. ఒక కొత్త జాతిని లోకానికి చెప్పడం అంటే మీసం ఎన్ని ముక్కలు, కాలి ఆరో ముక్క ఎంత వెడల్పు, తోకకాలి అంచున ముళ్లెన్ని అని వరసగా రాయడమే. ఆ వరస తెలుగులో చదువుకునే వీలు మన పిల్లలకు ఉండాలని నాకు గట్టిగా ఉంది.

ఉపాంగం మాటను పూర్తిగా తీసేయమని మాత్రం నేననను. మీసాలు, దవడలు, కాళ్లు అన్నీ ఒకే నమూనా మార్చుకుంటూ వచ్చినవని చెప్పాల్సిన చోట అన్నిటినీ కలిపి పట్టే మాట ఒకటి కావాలి, దానికి ఉపాంగం బాగుంది. ఖండితం బదులు నేను వాడిన కణుపు మీదే నాకు ఇంకా అనుమానం. చెరకులో కణుపు అంటే ముడి ఉన్న చోటు, రెండు ముళ్ల మధ్య భాగం కాదు. కట్లపాములో ఉన్న కట్టు మేలేమో.

తేలిపోయినవి ఇంకో రెండు. ఆడదాని ఛాతీకాళ్ల మొదట్లో పల్చని పలకలుంటాయి, అవి ఒకదాని మీదొకటి వాలి గుడ్లకు సంచిలా ఏర్పడతాయి. వాటిని గుడ్డురేకులు అన్నాను. పూరేకుకీ ఇనపరేకుకీ సరిపోయే మాట దీనికీ సరిపోయింది. ఆ సంచిలోంచి వచ్చేవి లార్వాలు కావు, తల్లి ఆకారంలోనే ఉన్న బుల్లి ఆంఫిపాడ్లు, కాబట్టి వాటిని పిల్లలు అనే రాశాను. రెండోది, ఒంటి చిట్టచివర ఉండే చిన్న పలక టెల్సన్. గ్రీకు రైతు నాగలిని వెనక్కి తిప్పే చేని చివరను టెల్సన్ అంటాడట. ఎంత అందమైన పేరో! దీన్ని తోకపలక అని మార్చడానికి మనసొప్పక టెల్సన్ అనే ఉంచి, ఆ చేని కథ పక్కన రాశాను.

ఇప్పుడు మొదటి వాక్యం ఇలా మారింది: "చందువలా పక్కల నుంచి నొక్కినట్టుండే ఒళ్లు, కాడలేని కళ్లు, రెండు జతల మీసాలు, ఛాతీకి ఏడు జతల కాళ్లు, నడుముకి మూడు, తోకకి మూడు." మా పిల్ల ఇది చదివి కాగితం మీద బొమ్మ గీసింది, కాళ్ల లెక్క సరిగ్గా వచ్చింది.

తీరంలో ఉన్నవాళ్లను ఒకటి అడగాలి. రొయ్య వొలిచేటప్పుడు వెనక భాగం కింద కుచ్చులా ఊడివచ్చే ఆ చిన్న కాళ్లకు మీ ఇళ్లలో ప్రత్యేకంగా ఏదైనా పేరుందా? ఉంటే ఊరి పేరుతో సహా రాయండి, నడుంకాళ్లు కొట్టేసి అదే పెడతాను.