థోరియస్ సాలమాండర్లు అన్నీ ఒకేలా ఉంటే వేరే జాతులని ఎలా చెప్తారు?

ప్రశ్న: మెక్సికోలో ఉండే థోరియస్ అనే సాలమాండర్ల (బల్లిలా కనిపించే, కప్పల్లాంటి ఉభయచరాలు) గురించి చదువుతున్నా, మరీ అగ్గిపుల్లంత ఉంటాయంట. 2016లో ఒహాకా కొండల నుంచి ఒకేసారి మూడు కొత్త జాతులు ప్రకటించారు. ఫొటోల్లో నాకైతే మూడూ ఒకటే. ఎలా విడదీస్తారండీ?

జవాబు 1: కంటితో కష్టమే. డీఎన్‌ఏ పోలుస్తారు, దాంతోపాటు తోక పొడవు, ముక్కు రంధ్రం గుండ్రమా కోలగానా, పుర్రె ఎముకలు సీటీ స్కాన్‌లో ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూస్తారు. పై దవడ పళ్లు చాలా జాతులకి అసలుండవు, కొన్నిటికే ఉంటాయి, అదో పెద్ద గుర్తు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మరి విడదీస్తే వాటికేం లాభం?

జవాబు 2: చాలా ఉంది. ఒకే జాతి అనుకుంటే బోలెడున్నాయిలే అనిపిస్తుంది, విడదీశాక ఒక్కోదానికి ఒకట్రెండు కొండలే మిగుల్తాయి, ఆ అడవి కొట్టేస్తే జాతే పోయినట్టు. పైగా వీటికి ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే ఊపిరి, అందుకే తడి ఆకులు, కుళ్లిన దుంగలు ఉండాల్సిందే. గుడ్లు కూడా నేలమీదే, నీళ్లలో ఈదే తోకకప్ప దశే లేదు, కాబట్టి చెరువులు కాపాడితే చాలదు. 1970ల్లో కుప్పలుగా దొరికిన చోట్ల కూడా ఇప్పుడు వెతకాల్సొస్తోంది, తల్చుకుంటే బాధేస్తుంది.

జవాబు 3: ఆశ వదలొద్దు. గ్వాటెమాలాలో బొలిటోగ్లోసా జాక్సోనీ అనే ఇంకో సాలమాండర్ 1975 తర్వాత కనపడలేదు, 2017లో మళ్లీ దొరికింది, అదీ దానికోసం కాపాడిన అడవి కాపలాదారు కంటికే!