అప్‌డేట్: ప్రాచీన గ్రీకుకు చివరికి దొరికిన ఫాంటు

గ్రీకు పాఠాల పుస్తకంలో అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వస్తున్నాయని, ఉచిత ఫాంటు ఏదైనా ఉందా అని పోయిన నెల అడిగాను. ఏథెన్స్‌లోని గ్రీక్ ఫాంట్ సొసైటీ (జీఎఫ్‌ఎస్) వారి ఫాంట్లు చూడమన్నారు. చూశాను, పని అయింది.

ముందు జీఎఫ్‌ఎస్ పోర్సన్ పెట్టాను. 1808లో కన్నుమూసిన కేంబ్రిడ్జి పండితుడు రిచర్డ్ పోర్సన్ చేతిరాతను చూసి చెక్కిన అచ్చుకు ఇది డిజిటల్ రూపం. చిన్న అక్షరాలు కాస్త వాలి ఉంటాయి, పెద్దవి నిటారుగా నిలబడతాయి. చూడముచ్చటగా ఉంది కానీ, కొత్తగా నేర్చుకునేవారి కోసం అదే సొసైటీ వారి నియోహెలెనిక్ ఫాంటుకు మారాను. 1927లో విక్టర్ షోల్డరర్ రూపొందించిన అచ్చు దానికి మూలం. గీత అంతటా ఒకే మందం, గుండ్రని ఒంపులు; మన తెలుగు అక్షరాల పక్కన పరాయిగా అనిపించలేదు.

అసలు పరీక్ష ఆల్ఫా దగ్గర. పైన శ్వాస గుర్తు (ముందు ‘హ’ పలకాలో వద్దో చెప్పేది), దాని పక్కనే స్వరం ఎత్తు చూపే గుర్తు, కింద బుల్లి అయోటా (గ్రీకు ‘ఇ’ అక్షరం): మూడూ ఒకే అక్షరానికి! ఒక్కటీ జారలేదు.

డబ్బాలు మాత్రం అప్పటికీ పూర్తిగా పోలేదు. తప్పు ఫాంటుది కాదు. కొన్ని పాఠాలు యూనికోడ్‌కు (అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉన్న సంకేత పద్ధతికి) ముందటి పద్ధతిలో టైపు చేసినవి. పాత తెలుగు డీటీపీ ఫైళ్లతో కుస్తీ పట్టినవారికి ఈ బాధ తెలిసే ఉంటుంది. ఆ 14 పేజీలూ మళ్లీ టైపు చేశాను.

లైసెన్సు గురించి కూడా ఒకరు అడిగారు. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి పుస్తకం అమ్ముకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు.